కీనోది ఆశా, దురాశా? 'ది పెర్ల్' పాత్రల్ని, శిల్పాన్ని ఎలా చదవాలంటే

ముందు ప్రశ్న క్లుప్తంగా. అమలాపురంలో డిగ్రీ ఆఖరి ఏడు చదువుతున్న ఒక అమ్మాయికి జాన్ స్టైన్‌బెక్ నవలిక 'ది పెర్ల్' పాఠ్యగ్రంథం. తేలు కుట్టిన కొడుకు వైద్యానికి డబ్బు లేని ముత్యాల వేటగాడు కీనోకి, అతని భార్య హువానాకి ఒక పెద్ద ముత్యం దొరుకుతుంది, దాని మీద అందరి కళ్లూ పడతాయి, చివరికి ఆ కొడుకే పోతాడు, అదీ కథ. పాత్రల మీద ఒకటి, సాహిత్య సాధనాల మీద ఒకటి, పది మార్కుల ప్రశ్నలు రెండు వస్తాయట. గైడు బట్టీ పట్టి, కథంతా రాసి, చివర 'దురాశ దుఃఖానికి చేటు' అని ముగిస్తే నాలుగు మార్కులే పడ్డాయి. ఎక్కడ తప్పిందని అడుగుతోంది.

తప్పింది ఆ సామెత దగ్గరేనమ్మా. సామెతలో అబద్ధమేమీ లేదు. కానీ అది పుస్తకం తెరవకముందే మీకు తెలిసిన మాట. పేపరు దిద్దేవారికి కావలసింది పుస్తకం తెరిచాక మీకు కనపడింది. పైగా ఈ నవలికలో ఆ సామెతకు అడ్డం తిరిగే వాక్యం రచయితే రాసిపెట్టాడు. మూడో అధ్యాయంలో చూడండి. మనిషికి ఎంత ఇచ్చినా తృప్తి ఉండదు, ఇంకా కావాలంటాడు అని లోకం తిడుతుంది గానీ, ఉన్నదానితో సరిపెట్టుకునే జంతువుల కంటే మనిషిని పైకెత్తిన గొప్ప గుణం అదేనంటాడు కథకుడు. దురాశ మీద నీతికథ రాయడమే పనైతే ఆ మాట అక్కడ ఎందుకు పెడతాడు? మీ జవాబు ఈ ప్రశ్నతో మొదలవ్వాలి.

తెలుగులో మనకొక సౌలభ్యం ఉంది. ఇంగ్లీషు గైడుల్లో 'గ్రీడ్' అన్న ఒక్క మాటతో సరిపెడతారు. మనకి ఆశ, పేరాశ, అత్యాశ, దురాశ అని మెట్లున్నాయి. 'ఆశ' అంటే కోరికా అవుతుంది, రేపటి మీద నమ్మకమూ అవుతుంది. 'నా కొడుకు మీదే నా ఆశంతా' అన్న తల్లిని ఎవరూ ఆశపోతు అనరు కదా. పుస్తకం చదువుతున్నంతసేపూ ఈ మెట్లు మనసులో ఉంచుకుని, కీనో ఏ అధ్యాయంలో ఏ మెట్టు మీదున్నాడో గుర్తు పెట్టుకుంటూ వెళ్లండి. పాత్రచిత్రణ ప్రశ్నకు వెన్నెముక దొరికినట్టే.

మూడో అధ్యాయంలో కీనో ముత్యంలోకి చూస్తూ కోరినవేమిటి? హువానాతో చర్చిలో పెళ్లి, ముగ్గురికీ కొత్త బట్టలు, ఏడాది కిందట పోయిన ఈటె బదులు మరో ఈటె, ఒక రైఫిల్, కొడుకు కొయోటీటోకి చదువు. పెళ్లి, బట్టలు, పనిముట్టు, పిల్లాడి బడి. అంతర్వేది పల్లెపాలెంలో ఏ చేపల వేటగాడి ఇంట్లో అడిగినా వరస దాదాపు ఇదే. రైఫిల్ ఒక్కటే ఇందులో ఇమడదు. అది నోటివెంట రాగానే చుట్టూ ఉన్నవాళ్లు నివ్వెరపోతారు. తుపాకీయే కొనగలిగినవాడికి ఇక హద్దేముంది, ఊహకు కట్టిన గట్టు అక్కడే తెగిందంటాడు కథకుడు. ఈ రైఫిల్‌ని మర్చిపోకండి. పుస్తకం ఆఖరి పేజీల్లో కీనో చేతిలో నిజంగానే ఒక రైఫిల్ ఉంటుంది, కొడుకుని చంపింది ఆ రైఫిలే. కోరిన జాబితాలోంచి తీరింది అదొక్కటే. వ్యంగ్యానికి ఉదాహరణ రాయమంటే విద్యార్థులు డాక్టరు దగ్గరే ఆగిపోతారు గానీ, అసలు దెబ్బ ఇక్కడుంది.

రచయిత ఈ కోరికల జాబితాని కావాలనే ఇలా మార్చాడని చెప్పడానికి గట్టి ఆధారం ఉంది. 1940లో స్టైన్‌బెక్ తన జీవశాస్త్రజ్ఞుడైన మిత్రుడు ఎడ్ రికెట్స్‌తో కలిసి కాలిఫోర్నియా సింధుశాఖలో పడవ ప్రయాణం చేశాడు. లా పాజ్ రేవు ఊళ్లో చెప్పుకునే ఒక ముత్యం కథని 1941లో వచ్చిన ఆ ప్రయాణ గ్రంథంలో రాశాడు. అందులో పెళ్లాం లేదు, బిడ్డ లేదు. ముత్యం దొరికిన కుర్రాడు ఇక పనిచెయ్యక్కర్లేదని, ఎంతకాలమైనా తాగొచ్చని, నచ్చిన పిల్లని చేసుకోవచ్చని, చచ్చాక ఆత్మకు ఇబ్బంది లేకుండా ముందే ప్రార్థనలు కొనుక్కోవచ్చని అనుకుంటాడు. వ్యాపారులు మోసం చేస్తారు, దొంగలు కొడతారు, చివరికి ముత్యాన్ని తిట్టి సముద్రంలోకి విసిరేసి హాయిగా నవ్వుకుంటాడు. నవలికగా రాసేటప్పుడు (పత్రికలో 1945లో, పుస్తకంగా 1947లో) తాగుడు పోయి పిల్లాడి చదువొచ్చింది, నవ్వు పోయి బిడ్డ శవం వచ్చింది. కీనోని ఆశపోతుగా చూపించడమే ఉద్దేశమైతే మొదటి కథే బాగా సరిపోయేది. ఈ పోలిక రెండు వాక్యాల్లో పెట్టినా చాలు, గైడు చూసి రాసిన జవాబుల గుట్టలోంచి మీది విడిగా కనపడుతుంది.

ఇక చదివే పద్ధతి. చిన్న పుస్తకం, ఆరే అధ్యాయాలు. మొదటిసారి పెన్సిల్ పట్టుకోకుండా ఏకబిగిన చదివెయ్యండి. రెండోసారి నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయండి: ఏ అధ్యాయం, ముత్యాన్ని ఎవరు చూస్తున్నారు, అది ఎలా కనపడింది, ఆ మనిషికి ఆ క్షణంలో ఏం కావాలి. ముత్యం కనపడ్డ ప్రతిచోటా ఒక వరస నింపండి. పేజీ నంబర్లు రాయకండి, ఒక్కో ప్రచురణలో ఒక్కోలా ఉంటాయి. అధ్యాయం సంఖ్య చాలు. మూడోసారి పుస్తకమంతా అక్కర్లేదు, మూడో అధ్యాయాన్ని ఆరో అధ్యాయం పక్కన పెట్టుకుని చదవండి.

ఆ గళ్లు నిండాక ఏం కనపడుతుందో చూడండి. రెండో అధ్యాయంలో ముత్యం సముద్రపు కాకి (సీగల్) గుడ్డంత ఉంది, చంద్రుడంత నిండుగా ఉంది. దాన్ని పట్టుకున్న చెయ్యేది? అంతకుముందు డాక్టరు గేటుని గుద్ది కణుపులు చిట్లిన చెయ్యే. ఉప్పునీళ్లకు ఆ గాయం తెల్లగా పాలిపోయి ఉంది. అంత అందమైన వస్తువు పక్కనే ఆ గాయాన్ని పెట్టడం ఊరికే జరగలేదు. మూడో అధ్యాయంలో ముత్యం కోరికల అద్దం. ఆరో అధ్యాయంలో పారిపోతూ కీనో అదే అద్దంలో మళ్లీ చూస్తాడు. రైఫిల్ కోసం చూస్తే దారిలో తాను చంపిన మనిషి ఆకారం కనపడుతుంది. పెళ్లి కోసం చూస్తే తాను కొట్టిన హువానా మొహం కనపడుతుంది. చదువు కోసం చూస్తే మందు మింగి ఉబ్బి జ్వరంతో కాలిపోతున్న కొయోటీటో మొహం. మూడో అధ్యాయపు జాబితాయే ఇది, తలకిందులై తిరిగొచ్చింది. పైకి మాత్రం హువానాతో పాత కలల్నే చెబుతుంటాడు. నోరు ఒకటి చెబుతోంది, కన్ను ఒకటి చూస్తోంది. చిట్టచివర్లో ముత్యం బూడిదరంగు తేలి, పుండులా, చెడ్డ మొహాలు తొంగిచూస్తున్నట్టు ఉంటుంది. ముత్యం మీద ఒక్క గీత పడలేదు. మారింది చూసే కళ్లు.

అందుకే 'ముత్యం దురాశకు ప్రతీక' అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తే మార్కు రాదు. ప్రతీక అన్నది ఒకే అర్థానికి కట్టేసిన గుంజ కాదు. డాక్టరుకి ఆ ముత్యం పారిస్, ఫాదరుకి చర్చి మరమ్మతులు, బిచ్చగాళ్లకు దానధర్మం, కీనోకి కొడుకు బడి. 'అధ్యాయం మారేకొద్దీ ముత్యం అర్థం మారుతుంది, ఆ మార్పే కథ' అని రాసి పై మూడు దశలూ చూపించండి.

పాత్రల్లో ఎక్కువ చోటు కీనోకి, హువానాకి ఇవ్వాలి. కీనో ఏ మెట్టు దగ్గర జారాడన్నదానికి నా లెక్క ఇదీ. నాలుగో అధ్యాయంలో వ్యాపారులతో తగువాడేదాకా అతనిది న్యాయమైన ఆశే, వస్తువుకి తగిన ధర అడిగాడు. ఐదో అధ్యాయంలో హువానా రాత్రిపూట ముత్యాన్ని సముద్రంలో పడేద్దామని వెళ్తే వెంటపడి మొహం మీద గుద్ది, కిందపడ్డాక డొక్కలో తంతాడు. అప్పుడు పాములా బుసకొట్టాడంటాడు రచయిత. ఎవరి పెళ్లి కోసం ముత్యం కావాలన్నాడో ఆమెనే ముత్యం కోసం కొట్టాడు. సాధనం కాస్తా సాధ్యమై కూర్చున్న క్షణం అది. ఆ తర్వాతే ముత్యం తన ఆత్మ అయిపోయిందని, వదిలేస్తే ఆత్మనే పోగొట్టుకుంటానని అన్నతో అంటాడు.

అయితే ఇక్కడే ఇంకో సంగతుంది, దాదాపు ఎవరూ రాయరు. అదే అధ్యాయంలో ఎవరో అతని దోనెకి చిల్లు పొడుస్తారు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి తనకి వచ్చిన దోనె, ఇంట్లో విలువైన వస్తువంటూ ఉంటే అదొక్కటే. మనిషిని చంపడం కంటే దోనెని చంపడం పెద్ద పాపం అంటాడు కథకుడు. దానికి పిల్లలుండరు, తనని తాను కాచుకోలేదు, గాయం మానదు. గోదావరి పాయల్లో నావ మీద బతికేవాళ్లకు ఈ వాక్యానికి వేరే వివరణ అక్కర్లేదు. అప్పటికి కీనో ఒక మనిషిని చంపాడు, ప్రాణం మీదికొచ్చింది, ఒడ్డు పొడుగునా ఇరుగుపొరుగు దోనెలున్నాయి. అయినా వాటిలో ఒకటి తోసుకుపోదామన్న ఆలోచన అతనికి ఒక్కసారి కూడా రాలేదని రచయిత పనిగట్టుకుని చెబుతాడు. దురాశ మనిషిని పూర్తిగా మింగేసి ఉంటే ఆ ఆలోచన రాకుండా ఉంటుందా? కీనో పాత్ర మీద పది మార్కుల ప్రశ్నొస్తే హువానాని కొట్టిన దృశ్యాన్ని, ఈ దోనెల దృశ్యాన్ని పక్కపక్కన పెట్టండి. ఒకే అధ్యాయం, కొద్ది పేజీల తేడా, రెండు వైపులా సాక్ష్యం.

హువానాని గైడుల్లో 'సహనశీలి, అణకువ గల భార్య' అని తేల్చేస్తారు. సగమే నిజం. తేలు కుట్టగానే నోటితో విషం పీల్చింది ఆమే, డాక్టరు కావాలని పట్టుబట్టింది ఆమే. డాక్టరు రాకపోతే సముద్రపు నాచు తెచ్చి పట్టు వేసింది. ఆ వైద్యం డాక్టరు చేసేదానికేమీ తీసిపోదు, బహుశా ఇంకా మేలే, కానీ చవగ్గా సులువుగా ఉంది కాబట్టి దానికి గౌరవం లేకపోయిందని కథకుడు దెప్పుతాడు. ముత్యంలో కీడుందని అందరికంటే ముందు గుర్తించిందీ ఆమే. అయినా ఆమెని తప్పులేని మనిషిగా చిత్రించేయకండి. రెండో అధ్యాయంలో ఆమె మొక్కుకున్నది బిడ్డ ప్రాణం కోసం కాదు, డాక్టరు ఫీజుకి సరిపడా ముత్యం దొరకాలని. చిప్పలో ముత్యం బయటపడే వేళకి బిడ్డ వాపు తీస్తూనే ఉంది. అంటే ముత్యం అవసరం తీరిపోయాకే ముత్యం దొరికింది. పాఠకుడికి అర్థమైన ఈ సంగతి పాత్రలు ఇంకా ఒంటబట్టించుకోలేదు, నాటకీయ వ్యంగ్యం అంటే ఇదే. ఇక ఆమె నడక గమనించండి. ఎప్పుడూ కీనో ముందు, హువానా వెనక. కొయోటీటో చనిపోయాక ఊళ్లోకి తిరిగొస్తున్నప్పుడు ఇద్దరూ పక్కపక్కన నడుస్తారు. ముత్యాన్ని నువ్వు విసురు అని కీనో ఆమెకి అందిస్తే, కాదు నువ్వే అంటుంది. మొత్తం పాత్రచిత్రణ ఆ నడకలోనూ, ఆ జవాబులోనూ ఉంది.

డాక్టరుది సులువైన పాత్ర, అందుకే విద్యార్థులు అతని మీద రెండేసి పేజీలు గుమ్మరిస్తారు. అంత అక్కర్లేదు. మొదటి అధ్యాయంలో పట్టు గౌనులో మంచం మీద కూర్చుని, కోడిగుడ్డు పెంకంత పల్చని కప్పులో చాక్లెట్ తాగుతూ, కీనో పంపిన ఎనిమిది చిన్న సొట్ట ముత్యాల్ని తిప్పి పంపించేస్తాడు. మూడో అధ్యాయంలో పెద్ద ముత్యం వార్త చెవిన పడగానే కీనో తన పేషెంటే అంటాడు. తెల్ల పొడి గొట్టంమాత్ర వేసి, గంటలో తిరిగొచ్చి, అమ్మోనియా చుక్కలు పట్టిస్తాడు. బిడ్డకి వచ్చిన వాంతులూ వణుకూ విషం వల్లనా, ఆ పొడి వల్లనా అన్నది రచయిత తేల్చడు. మీరూ తేల్చకండి, 'డాక్టరు విషం పెట్టాడు' అని రాయడం తప్పు. కీనోకి అనుమానం ఉంది, కానీ తెలియదు. తెలియకపోవడమే అతని అసలు బీదతనం. కొడుక్కి చదువు కావాలన్న కోరిక బలపడేదీ అందువల్లే. డాక్టరులో చూడాల్సింది ఒక చూపు. ముత్యం దొంగతనం జరగొచ్చంటూ కబుర్లాడుతూ కీనో కళ్లు ఎటు పోతాయా అని కనిపెడతాడు. కళ్లు గుడిసె మూల నేలకేసి తిరుగుతాయి. ఆ రాత్రే దొంగ పడతాడు. ఎవరు పంపారో పుస్తకం చెప్పదు, పక్కపక్కన మాత్రం పెడుతుంది. చెప్పకుండానే అర్థమయ్యేలా చెయ్యడాన్ని మన అలంకారశాస్త్రంలో ధ్వని అంటారు, ఆ మాట వాడినా ఫర్వాలేదు.

నా దృష్టిలో శిల్పపరంగా పుస్తకంలో అన్నిటికంటే గట్టి దృశ్యం నాలుగో అధ్యాయంలోని ముత్యాల బేరం. వ్యాపారి బల్ల వెనక నాణేన్ని వేళ్ల కణుపుల మీద దొర్లిస్తూ ఉంటాడు. మొహంలో ఆప్యాయత, చేతిలో గారడీ. కీనో ముత్యాన్ని నల్ల వెల్వెట్ పళ్లెంలో పెట్టగానే ఆ నాణెం ఒక కణుపు దగ్గర తడబడి చప్పుడు లేకుండా ఒళ్లో పడుతుంది. మొహం మాత్రం చెక్కుచెదరదు. పాత్ర అబద్ధమాడుతుంటే వస్తువు చేత నిజం చెప్పించడం ఇది. తర్వాత బేరం: అతను 1,000 పెసోలంటాడు. పిలిపించిన ముగ్గురిలో ఒకడు ఇది ముత్యమే కాదు వికృతం, నాకొద్దంటాడు. రెండోవాడు భూతద్దం పెట్టి చూసి మెత్తగా సుద్దలా ఉంది, కొన్ని నెలల్లో రంగుపోయి చచ్చిపోతుందంటాడు. మూడోవాడు 500 ఇస్తానంటాడు. దాంతో వెయ్యే గొప్ప ధర అనిపించాలి, లెక్క అది. కీనో 50,000 విలువ చేస్తుందని లేచేసరికి 1,500 కి వస్తారు. వీళ్లంతా వేరువేరు దుకాణాలు పెట్టుకున్న ఒకే యజమాని మనుషులు.

మన డెల్టాలో ఈ దృశ్యం చదివినవాళ్లకు రొయ్యల చెరువు పట్టుబడి రోజు గుర్తు రాకపోదు. కౌంటు (కిలోకి తూగే రొయ్యల సంఖ్య) పెరిగింది, సాఫ్ట్ (పెంకు మెత్తబడిన రొయ్య) ఎక్కువుంది, పైన రేటు లేదు, ఇవాళ ఇంతే అని కొనుగోలుదారు అంటే, ఆ 'సాఫ్ట్' నిజమో బేరమో తేల్చే కొలబద్ద రైతు చేతిలో ఉండదు. లక్షలు పలికే కచిడి చేప వలలో పడిన రోజున రేవులో మూగే జనమూ గుర్తొస్తారు. ఇవి పరీక్షలో రాయడానికి కాదు, లా పాజ్ కథలోకి అంతర్వేదిని తీసుకెళ్లకండి. దృశ్యం ఒంటికి పట్టడానికి చెప్పాను. ఒక తేడా కూడా గమనించండి. పట్టిన రొయ్యని తిరిగి చెరువులో వదల్లేం, వచ్చిన ధరకి ఇవ్వక తప్పదు. కీనోకి ఆ తొందర లేదు, ముత్యం కుళ్లదు. అందుకే అతను బేరం వదిలి లేచి రాగలిగాడు, అందుకే ప్రమాదంలో పడ్డాడు. అన్న హువాన్ తోమాస్ సరిగ్గా ఇదే చెబుతాడు. పుట్టిన దగ్గర్నుంచి మోసపోతూనే ఉన్నాం, అయినా బతుకుతున్నాం, నువ్వు ధిక్కరించింది వ్యాపారుల్ని కాదు, ఈ బతుకు కట్టడాన్నే అని. చిన్న పాత్రే గానీ ఈ ఒక్క మాట ఉటంకించడానికి పనికొస్తుంది. ఫాదరు మీద మూడు వాక్యాలు చాలు: ముత్యం వార్త విన్నాకే కీనో ఇల్లు గుర్తొచ్చింది, వీళ్లకి పెళ్లి చేశానో లేదో కూడా గుర్తులేదు, దేవుడు పెట్టిన చోటు విడవకూడదన్న ఆయన ప్రసంగం ఎవరికి లాభమో చూడండి.

సాహిత్య సాధనాల ప్రశ్నకి జాబితా రాయడం రెండో పెద్ద పొరపాటు. ఉపమ, రూపకం, ప్రతీక, వ్యంగ్యం, ముందుసూచన అని వరసగా నిర్వచనాలు, ఒక్కో ఉదాహరణ. అలా ఎనిమిది రాసేకంటే మూడు తీసుకుని, ఒక్కోటి కథలో ఏ పని చేస్తోందో చూపించండి.

నేనైతే మొదట పాటల్ని తీసుకోమంటాను. కీనో ఆలోచనల్ని మాటల్లో చెప్పడు రచయిత, పాటల్లో వినిపిస్తాడు. కుటుంబపు పాట, కీడు పాట, సముద్రగర్భపు పాట, ముత్యపు పాట. వీటిని పల్లవులనుకోండి. పల్లవి ఎక్కడ తిరిగొచ్చిందన్నదే కాదు, ఏ గొంతుతో తిరిగొచ్చిందో రాసుకోవాలి. మొదటి పేజీలో కుటుంబపు పాట హువానా జొన్నలు విసిరే రాయి చప్పుడుతో కలిసి సాగుతుంది (అక్కడివాళ్లది మొక్కజొన్న). ఆఖర్న శవాన్ని మోసుకొస్తున్నప్పుడు అదే పాట యుద్ధపు కేకలా ఉంటుంది. ముత్యపు పాట ఆరో అధ్యాయంలో కీడు పాటతో కలిసిపోతుంది, చివరి వాక్యంలో గుసగుసై మాయమవుతుంది. ఈ ఒక్క సాధనాన్ని ఐదుచోట్ల చూపిస్తే చాలు.

రెండోది జంతువుల పోలికలు. వీటికి మూలం మొదటి అధ్యాయంలోని తేలు. మూడో అధ్యాయంలో ముత్యం వార్త ఊళ్లో పాకినప్పుడు ఆ చెడుని తేలుతో పోలుస్తాడు, ఊరి విషపు తిత్తులు నిండి ఊరు ఉబ్బిందంటాడు. బిడ్డ భుజం వాపు తీసేలోపు ఊరికి వాపెక్కిందన్నమాట. తర్వాత కీనో పాము అవుతాడు, బల్లి అవుతాడు, వెంటాడే జాడగాళ్లు వాసన పట్టే కుక్కలవుతారు. బిడ్డ పేరుకి అర్థం చిన్న కొయోటె, అంటే అక్కడి తోడేలు జాతి నక్క. ఆరో అధ్యాయంలో చీకట్లో బిడ్డ ఏడుపుని, వెంటాడుతున్నవాళ్లలో కాపలా ఉన్నవాడు కొయోటె పిల్ల అరుపనుకునే తుపాకీ ఎత్తుతాడు. పేరులోనే ముందుసూచన దాచాడు.

మూడోది చిన్న ప్రాణుల దృశ్యాలు. మొదటి అధ్యాయంలో ఇసుకలో గరాటు గుంట తవ్వుకుని కాచుకునే పురుగు బారిన చీమ పడితే కీనో దేవుడిలా తటస్థంగా చూస్తూ కూర్చుంటాడు. ఆరో అధ్యాయంలో చీమల బారుకి తన కాలు అడ్డం పెడితే అవి ఎక్కి దిగిపోతాయి. మొదటిసారి చూసేవాడు, రెండోసారి తానే తరమబడేవాడు. ఇంతకంటే సాగదీయకండి, ప్రతి చీమలోనూ తత్వం వెతికితే జవాబు నవ్వులపాలవుతుంది.

ఇది దృష్టాంత కథా (పారబుల్) కాదా అన్న ప్రశ్న కూడా వస్తుంటుంది. పుస్తకం ముందుమాటలోనే ఇందులో మంచి, చెడు, నలుపు, తెలుపు తప్ప మధ్యరంగులు లేవంటాడు కథకుడు, ఎవరి అర్థం వాళ్లు తీసుకోవచ్చనీ అంటాడు. మొదటి మాట నమ్మెయ్యకండి. దోనె దొంగిలించని హంతకుడూ, ముత్యం కోసం మొక్కి ముత్యాన్ని పారెయ్యబోయిన తల్లీ మధ్యరంగులే. రూపం దృష్టాంత కథది, మనుషులు నవలవాళ్లు అని రాస్తే వాదన నిలబడుతుంది.

రాసేటప్పుడు కొలత చెబుతాను. పది మార్కులకి రెండు పేజీలు. మొదటి వాక్యంలోనే మీ వాదన. కథ చెప్పడానికి మూడు లైన్లు మించొద్దు, దిద్దేవారు పుస్తకం చదివినవారే. తర్వాత మూడు దృశ్యాలు. ఒక్కోదానికి ఏ అధ్యాయం, ఏం జరిగింది, ఏ సాధనం, దానివల్ల మనకేం తెలిసింది అన్న నాలుగూ ఉండాలి. ఎక్కువమంది మూడోదాని దగ్గర ఆగిపోతారు, 'ఇది ఉపమ' అని రాసి దిగిపోతారు. మార్కులుండేది నాలుగోదానిలో. మీ వాదనకి అడ్డొచ్చే దృశ్యం ఒకటి మీరే ఎత్తి జవాబు చెప్పండి. 'గ్రీడ్' అన్న మాట పేపరు మొత్తంలో రెండుసార్లకు మించి రాకుండా చూసుకోండి, వాడలేనప్పుడే అసలు మాట వెతుక్కుంటారు. వీళ్లు బయటినుంచి వచ్చిన పాలక జాతి కింద దాదాపు నాలుగు వందల ఏళ్లు అణగిన స్థానిక జాతివాళ్లని ఒక్క వాక్యంలోనైనా రాయండి. అది లేకపోతే డాక్టరు, ఫాదరు, వ్యాపారులు ముగ్గురు చెడ్డవాళ్లుగా మిగులుతారు గానీ ఒకే గోడకి మూడు ఇటుకలుగా కనపడరు. పేర్ల స్పెల్లింగు చూసుకోండి. హువానా, హువాన్ రెండూ 'జె'తోనే రాస్తారు, పలికేటప్పుడే 'హ'.

ఇప్పుడు ఒక సాధన. నాలుగో అధ్యాయంలో ఆ నాణెం ఒళ్లో పడిన ఘట్టం మళ్లీ చదివి, పుస్తకం మూసి, దాని మీద పన్నెండు లైన్లు రాయండి. అందులో దురాశ, ప్రతీక అన్న రెండు మాటలూ రాకూడదు. అరగంట పడుతుంది. అది కుదిరాక మూడు, ఆరు అధ్యాయాల అద్దాలు రెండింటి మీద ఒక పేజీ రాయండి.